గీజర్ పీకేస్తున్నారు, రెండు నెలలు స్నానానికి వేడినీళ్లు ఎలా?

ప్రశ్న: మాది ఉప్పల్‌లో పదిహేనేళ్ల పాత ఫ్లాట్ అండి. డిసెంబర్‌లో రెండు బాత్రూములూ పగలగొట్టి కొత్తగా పైపులు, టైల్స్ వేయిస్తున్నాం, రెండు నెలలు పడుతుందట. ఇంట్లో ఐదుగురం, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, వేడినీళ్లు లేకపోతే కుదరదు. ఉన్న 15 లీటర్ల గీజర్ పీకేస్తామన్నారు. కాంట్రాక్టర్ 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ కొనమంటాడు, మా తమ్ముడు గ్యాస్ గీజర్ అంటాడు, మావారు రాడ్డు చాలంటారు, అత్తయ్యేమో పాత గుమ్మాల చెక్క ఉందిగా, మేడ మీద కాగు పెట్టి కాచుకుందాం అంటారు. చలికాలం మా మీటర్ నెలకి 180, 190 యూనిట్లు తిరుగుతుంది. ఏది చవక?

జవాబు: అమ్మా, నలుగురూ నాలుగు చెప్పారు గానీ ఒక్కళ్లూ అడగని మాట ఒకటుంది, రెండు బాత్రూములూ ఒకేసారి పగలగొడితే ఆ కాచిన నీళ్లు తీస్కెళ్లి పోసుకునేది ఎక్కడ? ముందు అది తేల్చండి. ఒకటి పూర్తయ్యి నీళ్లు నిలబెట్టి లీకేజీ చూస్కున్నాకే రెండోదాని మీద సుత్తి పడాలని చెప్పండి. రెండుసార్లు రావాలి కదమ్మా అని కాంట్రాక్టర్ కొంచెం ఎక్కువడుగుతాడు, బేరమాడి ఇచ్చేయండి, లేకపోతే పక్కింటి వాళ్ల బాత్రూమ్ తలుపు కొట్టాల్సొస్తుంది, అది రెండు రోజులకి బాగుంటుంది గానీ రెండు నెలలకి కాదు.

ఇక ఖర్చు. బకెట్ అంటే 20 లీటర్లు అనుకుందాం. పొద్దున్నే ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలుంటే వాటిని 45కి తేవడానికి దాదాపు 0.6 యూనిట్ కావాలి. రాడ్డైనా అంతే, ఇన్‌స్టంట్ గీజరైనా అంతే, ఇంచుమించు ఒకటే లెక్క, ఇన్‌స్టంట్ అంటే త్వరగా కాగుతాయి గానీ తక్కువ కరెంటుతో కాగవు. సగం బకెట్ సలసలా మరిగించి చన్నీళ్లు కలుపుకుంటే మిగులుద్ది అని కూడా చాలామంది అనుకుంటారు, మిగలదు, సగం నీళ్లే కానీ వేడి రెట్టింపు ఎక్కించాలి కదా. మీ ఐదుగురికి ఐదు బకెట్లు, అంటే రోజుకి 3 యూనిట్లు, నెలకి 90. కంగారు పడకండి, ఇది కొత్త ఖర్చేం కాదు, మీ పాత గీజర్ ఇన్నాళ్లూ తింటున్నదే, మీరు చెప్పిన ఆ 190లో ఇదీ ఉంది.

గ్యాస్ స్టవ్ మీద కాచుకుంటే ఒక 14.2 కిలోల సిలిండర్‌కి మహా అయితే 170, 180 బకెట్లు వస్తాయి, సిలిండర్ 900 దాటాక బకెట్ 5 రూపాయలు పడినట్టు. కరెంటు మీదైతే మీ స్లాబ్‌లో 3 రూపాయల లోపే. కాబట్టి గ్యాస్ వద్దు. గ్యాస్ గీజర్ అయితే అసలే వద్దు, గాలి ఆడని చిన్న బాత్రూమ్‌లో దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తే వాసన కూడా తెలీదు, మనిషి అలా కూలబడిపోతారు. రెండు నెలల కోసం తాత్కాలికంగా పెట్టుకునే వస్తువు కాదది. తమ్ముడికి నా మాటగా చెప్పండి.

నేనైతే ఏం చేస్తానంటే, ఉన్న గీజరే వాడతా. మీ ఫ్లాట్‌లో వాషింగ్ మెషిన్ పెట్టిన వాష్ ఏరియా ఉంటుంది కదా, అక్కడ కుళాయి ఉంది, 16 ఆంప్స్ పాయింట్ ఉంది. పీకిన గీజర్‌ని ప్లంబర్‌తో ఆ గోడకే బిగించేయమనండి, బయటికొచ్చే పైపు కింద బకెట్ పెట్టుకుంటే సరి. నీళ్లు నిండాక బరువు బాగా ఉంటుంది, గోడ గట్టిదేనా అని చూసి, మామూలు మేకులు కాకుండా యాంకర్ బోల్టులు వేయమనండి, సేఫ్టీ వాల్వ్ మూయొద్దనండి. మెషిన్, గీజర్ ఒకే పాయింట్ కాబట్టి ఒకటి తీశాకే ఇంకోటి పెట్టాలి. ప్లంబర్ కూలీ తప్ప పెద్ద ఖర్చు లేదు, పని అయ్యాక అదే గీజర్ కొత్త బాత్రూమ్‌లోకి పోతుంది. 3 లీటర్లది ఇప్పుడు మూడు వేలు పెట్టి కొంటే ఫిబ్రవరి తర్వాత అది అటక మీదకే కదా.

గోడ కుదరకపోతే రాడ్డే, మీవారు చెప్పింది తప్పేం కాదు, ఐదారు వందల్లో వస్తుంది, 1500 వాట్లదైతే బకెట్‌కి 25 నిమిషాలు. కానీ మా ఇంట్లో టైల్స్ పని జరిగినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని మీరు చేయకండి. హాల్లో మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి రాడ్డు పెట్టా, నాలుగో రోజు పొద్దున ఏదో కాలిన వాసన, చూస్తే ప్లగ్గు గోధుమ రంగుకి తిరిగి బాక్స్‌కి అతుక్కుపోయింది, లాగితే ఒక పిన్ను లోపలే ఉండిపోయింది. 1500 వాట్లంటే ఆరున్నర ఆంప్స్, ఆ బాక్సేమో 6 ఆంప్స్‌ది. అందుకే 16 ఆంప్స్ పాయింట్‌కే పెట్టండి, ప్లాస్టిక్ బకెట్ వాడండి, స్విచ్ ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టండి, అందులోనూ వైరింగ్ పని జరిగే ఇంట్లో ఎర్తింగ్ ఏ రోజు ఉంటుందో ఏ రోజు ఉండదో ఎవరికీ తెలీదు. అత్తయ్యగారిని మాత్రం దాని దగ్గరికి పంపొద్దు.

అసలు డబ్బు పోయేది ఇంకోచోట ఉంది, అది మీరు అడగలేదు. టైల్స్ కట్టర్, డ్రిల్లింగ్ మెషిన్లు అన్నీ మీ మీటర్ మీదే నడుస్తాయి. 1200 వాట్ల కట్టర్ రోజు మొత్తం మీద మూడు గంటలు తిరిగితే 3.6 యూనిట్లు, అంటే మీ ఇంటిల్లిపాది స్నానాల కన్నా ఎక్కువ. మీరేమో 190 దగ్గర అంచు మీదున్నారు. తెలంగాణ స్లాబుల్లో 200 లోపైతే మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80, అంటే 200 యూనిట్లకి 820 రూపాయలు. 201వ యూనిట్ పడిందా, మొదటి యూనిట్ నుంచీ 5.10 లెక్క, 200 దాటినవి 7.70. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు తేడా అన్నమాట. అదే మీకు గృహజ్యోతి (200 యూనిట్ల లోపు వాడేవాళ్లకి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఉచిత కరెంటు) జీరో బిల్లు వస్తుంటే ఇంకా ఘోరం, ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. అందుకని పని మొదలయ్యే రోజు మీటర్ ఫోటో తీసిపెట్టుకుని, కరెంటు ఖర్చు ఎవరిదో కాంట్రాక్టర్‌తో అడ్వాన్స్ ఇవ్వకముందే మాట్లాడుకోండి, ఇచ్చాక మాట్లాడితే వినడు.

మధ్యాహ్నం స్నానం చేసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి వేడినీళ్లు కాచక్కర్లేదు, మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్లు రెండింటికల్లా గోరువెచ్చగా ఉంటాయి. ఎలాగూ శివరాత్రి దాటితే చలి పోతుంది, పని ఆలస్యమైనా (అవుతుంది) బాధ లేదు.

అత్తయ్యగారి కాగు గురించి. కాగు నీళ్ల హాయి గీజర్‌కి రాదు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ పాత గుమ్మాలు టేకువేమో ఒకసారి గీరి చూడండి, టేకైతే పాత సామాన్ల వాళ్లు వచ్చి కొనుక్కుపోతారు, ఇద్దరు ముగ్గుర్ని పిలిచి రేటు అడగండి, ప్లంబర్ కూలీ అందులోనే వచ్చేయొచ్చు. మామూలు చెక్కైనా దాని మీద పదిహేనేళ్ల పెయింట్ ఉంది, ఆ పొగ పీల్చకూడదు, పైగా మేడ మీద పై ఫ్లాట్ వాళ్ల బట్టలు ఆరేసుంటాయి.