గట్టిగా మోగిందే మంచి హెడ్‌ఫోనా?

ఓపెన్-బ్యాక్ (వెనక మూత బదులు జాలీ ఉండే) హెడ్‌ఫోన్ల మీద వచ్చే ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటున్నాయి. అరలక్ష పెట్టి ఒకటి కొంటారు. ఏడాది తిరగకుండా మరో అరలక్ష పెట్టి రెండోది కొంటారు. ఆ తర్వాత 'ఈ రెంటిలో ఏది మంచిదో చెప్పండి' అని నాకు రాస్తారు. వినేది మీరు, తీర్పు చెప్పేది నేను! సరే, ఈ వారం ఆ సంగతే చూద్దాం.

ప్రశ్న: మూడేళ్ళుగా 300 ఓమ్‌ల డైనమిక్ (కాయిల్‌తో మోగే మామూలు రకం) ఓపెన్-బ్యాక్ వాడుతున్నాను. ఈమధ్య ప్లేనార్ మాగ్నెటిక్ (అయస్కాంతాల పక్కన పలుచటి పొర కదిలి మోగే) రకం కొన్నాను. అదే ఆంప్ (ఆంప్లిఫయర్), అదే పాట, వాల్యూమ్ నాబ్ కూడా కదపలేదు. కొత్తదాంట్లో బేస్, స్పష్టత, సౌండ్‌స్టేజ్ (ధ్వని చుట్టూ పరుచుకున్నట్టు అనిపించడం) అన్నీ ఎక్కువే. రివ్యూలు మాత్రం పాతదే మేలంటున్నాయి. తేడా నా చెవుల్లో ఉందా, వాళ్ళ చెవుల్లోనా? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: నాబ్ కదపలేదన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. నాబ్ అలాగే ఉంచితే రెండూ ఒకే స్థాయిలో మోగవు. సెన్సిటివిటీ (ఒకే సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది) ఎక్కువ ఉన్నది గట్టిగా మోగుతుంది. శబ్దం పెరిగేకొద్దీ మన చెవికి బేస్ నిండుగా తెలుస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. తేడా ఒక్క డెసిబెల్ అయితే 'గట్టిగా ఉంది' అని ఎవరూ అనరు, 'క్లియర్‌గా ఉంది' అంటారు. షోరూముల్లో టీవీలకు బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూపించేది ఇందుకే.

పోనీ పెట్టె మీద అంకెలు చూసి సరిచేసుకుందామా అంటే, అదో గందరగోళం. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని ముద్రిస్తాయి, కొన్ని వోల్ట్‌కి ఇన్ని అని. రెండు పెట్టెల మీదా 97 అనే ఉందనుకోండి. 300 ఓమ్‌లదానికి అది వోల్ట్ లెక్క, 32 ఓమ్‌లదానికి మిల్లీవాట్ లెక్క అయితే, ఒకే వోల్ట్ ఇచ్చినప్పుడు మొదటిది 97 దగ్గర ఉంటే రెండోది 112 దగ్గర మోగుతుంది. ఏకంగా 15 డెసిబెల్స్ తేడా! ఇంత డబ్బు తీసుకునేవాళ్ళకి అందరూ ఒకే లెక్కలో చెప్పడానికి ఏం రోగమో నాకు అర్థం కాదు.

ఇంట్లోనే చేసుకోగలిగిన పద్ధతి ఒకటుంది. కొరియర్ డబ్బా అట్టముక్కకి మధ్యలో చిన్న చిల్లు చేయండి. ఫోన్ మైకు ఆ చిల్లు దగ్గరికి వచ్చేలా ఫోన్‌ని ఒకవైపు టేపుతో అంటించండి. రెండో వైపు ఇయర్‌కప్‌ని, ప్యాడ్ చుట్టూ సందు లేకుండా ఆనించండి. 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య ఉండే పింక్ నాయిస్ (పరీక్షలకు వాడే హోరు శబ్దం) పెట్టండి, గొంతులో ముఖ్యమైన భాగం అక్కడ ఉంటుంది కాబట్టి. సౌండ్ మీటర్ యాప్‌లో వచ్చే అంకె అసలు డెసిబెల్ కాకపోయినా ఫరవాలేదు, రెండు హెడ్‌ఫోన్లకీ అదే అంకె వస్తే చాలు. ఏ హెడ్‌ఫోన్‌కి నాబ్ ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మల్టీమీటర్‌తో వోల్టేజ్ సరిచూశామని కొందరు గర్వంగా రాస్తున్నారు. అది రెండు ఆంప్‌లను పోల్చడానికి పనికొస్తుంది, రెండు హెడ్‌ఫోన్లను పోల్చడానికి కాదు.

ఇదంతా చేశాక కూడా ప్లేనార్‌లో బేస్ ఎక్కువే అనిపిస్తే మీ చెవులు సరిగ్గానే ఉన్నట్టు. డైనమిక్ ఓపెన్-బ్యాక్‌లు చాలావాటిలో 60 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ బేస్ జారిపోతుంది. మంచి ప్లేనార్ అయితే 20, 30 హెర్ట్జ్ దాకా నిలకడగా ఉంటుంది. మృదంగం వినండి, తెలుస్తుంది. కుడివైపు చాపు దెబ్బలు రెండింటిలోనూ బాగానే ఉంటాయి. ఎడమవైపు తొప్పి మీద చేయి ఒత్తి గుంకీ జార్చినప్పుడు వచ్చే ఊపు మాత్రం పాతదాంట్లో వినిపిస్తుందంతే, కొత్తదాంట్లో ఒంటికి తగులుతుంది. అయితే మీకు కళ్ళజోడు ఉంటే జాగ్రత్త. కళ్ళజోడు కాడ ప్యాడ్‌ని కాస్త పైకి లేపినా ప్లేనార్ బేస్ ఆ సందులోంచి పోతుంది. ఇంకోటి, మీ పాతదాని ప్యాడ్లు మూడేళ్ళవి. చెమటకి అణిగిపోయి డ్రైవర్ (లోపలి స్పీకర్) చెవికి దగ్గరవుతుంది, ధ్వని మారిపోతుంది. మీరు పోలుస్తున్నది అరిగిన ప్యాడ్లని కొత్త ప్యాడ్లతో. ముందు ప్యాడ్లు మార్చండి.

సౌండ్‌స్టేజ్ మాటకొస్తే, మీరు ఉత్తరంలో పంపిన పాటల జాబితా చూశాను. అన్నీ అరవైల నాటి ఘంటసాల పాటలు. అవి మోనో రికార్డింగులు. ఎడమకీ కుడికీ వెళ్ళేది ఒకే సిగ్నల్. లక్ష రూపాయల హెడ్‌ఫోన్ పెట్టినా ఆ గొంతు తల మధ్యలోనే ఉండాలి, అలా ఉంటేనే సరైన ధ్వని. వెడల్పుగా వినిపించిందంటే యాప్‌లో కృత్రిమంగా స్టీరియో అద్దిన వెర్షన్ దొరికి ఉంటుంది, లేదా ఏదో అప్‌డేట్ తర్వాత ఫోన్‌లో స్పేషియల్ సౌండ్ (ధ్వని చుట్టూ ఉన్నట్టు భ్రమ కలిగించే ఎఫెక్ట్) దానంతటదే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్ చూడండి. అడగకుండా ఎఫెక్టులు ఆన్ చేసే అప్‌డేట్లంటే నాకు ఒళ్ళు మంట. లక్షలు పోసి చేసిన పోలికని ఒక్క టిక్కు మార్క్ పాడుచేస్తుంది.

ఇక ఎవరి చెవులు అన్న ప్రశ్న. కళ్ళకి గంతలు కట్టినా హెడ్‌ఫోన్ బరువు, నొక్కు, ప్యాడ్ తగిలే తీరు బట్టి ఏది పెట్టారో తెలిసిపోతుంది. అందుకే 2013లో హర్మన్ కంపెనీ ధ్వని పరిశోధకుడు షాన్ ఒలివ్ బృందం వేరే దారి పట్టింది. రకరకాల హెడ్‌ఫోన్ల ధ్వనిని ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గులు మార్చే సాధనం)తో అనుకరించి ఒకే హెడ్‌ఫోన్‌లో వినిపించి, నచ్చినదేదో అడిగింది. బ్రాండు, ధర, బరువు అన్నీ పక్కకి తప్పుకున్నాయి. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (బేస్ నుంచి ట్రెబుల్ దాకా ఏది ఎంత గట్టిగా వస్తుందన్నది) ఒక్కదాంతోనే ఇష్టాయిష్టాలు చాలావరకు తేలిపోయాయి. అంటే మీరు కోరుకుంటున్న తేడాలో పెద్ద భాగం ఉచిత ఈక్వలైజర్‌తో పాతదాంట్లోనే తెచ్చుకోవచ్చు. గొంతు ప్రధానమైతే నా ఓటు మీ 300 ఓమ్‌లదానికే. మృదంగం, ఆర్గన్, కొత్త సినిమాల బేస్ కావాలంటే ప్లేనార్. రెండూ ఉన్నాయి కదా, ఒకటి అమ్మేయమని నేను చెప్పను. మూడోది మాత్రం కొనకండి.

ప్రశ్న: హెడ్‌ఫోన్ల కోసం చిన్న యూఎస్‌బీ డాక్-ఆంప్ (డిజిటల్ పాటని ధ్వని సిగ్నల్‌గా మార్చి, పెంచే పెట్టె) తెప్పించాను. పెట్టెలో కార్డు మీద క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే ఏదో క్లౌడ్ డ్రైవ్‌లో జిప్ ఫైల్ వచ్చింది. దానికి పాస్‌వర్డ్. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమని రాసి ఉంది. ఆపేసి చేశాను, బాగానే పనిచేస్తోంది. ఏమైనా ప్రమాదమా? (డాలస్ నుంచి)

జవాబు: 'బాగానే పనిచేస్తోంది' అన్న మాటే నన్ను భయపెడుతోంది. పనిచేయకపోతే మీరు తీసేసేవారు.

ఈ తరహా ఉత్తరాలు ఇప్పుడు తరచూ వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచే యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ సిస్టమ్‌లోనే ఉంది. మాక్‌కి, లైనక్స్‌కి అసలు ఏ డ్రైవరూ అక్కర్లేదు. మామూలుగా పాటలు వినడానికి మీ డాక్‌కి ఆ జిప్ అవసరమే లేదు, వైరు గుచ్చితే చాలు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఏఎస్‌ఐఓ (ఆలస్యం తగ్గించి ధ్వని పంపే పద్ధతి) వాడేవాళ్ళకి తప్ప దానితో పనిలేదు.

ఇక ఆ జిప్ సంగతి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు. తెరిచాక చూస్తుందేమోనని దాన్నీ ఆపించారు. డ్రైవర్ సిస్టమ్‌లో లోతుగా, కెర్నల్ స్థాయిలో కూర్చుంటుంది. మామూలు యాప్‌కి అందనివి దానికి అందుతాయి. మీరు నెట్ బ్యాంకింగ్ చేసేది, ఇక్కడి ఎన్‌ఆర్‌ఐ ఖాతా తెరిచేది, పన్ను రిటర్న్ వేసేది అదే ల్యాప్‌టాప్ మీద. తయారీదారు నిజంగా మంచివాడే కావచ్చు. కానీ ఆ క్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉందో, నిన్నటి ఫైలూ నేటి ఫైలూ ఒకటేనో కాదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఫైల్‌కి డిజిటల్ సంతకం లేదు, సొంత సైట్‌లో హాష్ (ఫైల్ మారలేదని సరిచూసుకునే కోడ్) లేదు. ముప్పై వేల వస్తువు అమ్మేవాడు ఒక వెబ్ పేజీ పెట్టుకోలేడా?

ఇప్పుడు చేయాల్సింది: ఆ డ్రైవర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, యాంటీవైరస్ ఆన్ చేయండి, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్లు ఫోన్ నుంచి మార్చండి, ఆ ల్యాప్‌టాప్ నుంచి కాదు. స్కాన్‌లో ఏం దొరికినా ఫైళ్ళు బ్యాకప్ తీసుకుని విండోస్ మళ్ళీ వేసుకోవడమే మేలు.

వైర్ల గొడవెందుకు, బ్లూటూత్ అడాప్టర్ తగిలించుకుంటానని మీరు చివర్లో రాశారు. అదీ ఆలోచించి చేయండి. 2025 జూన్‌లో జర్మనీ పరిశోధకులు, చాలా కంపెనీల ఇయర్‌బడ్స్, హెడ్‌ఫోన్లలో వాడే ఒక బ్లూటూత్ చిప్ కుటుంబంలో లోపాలు బయటపెట్టారు. జత చేయకుండానే, బ్లూటూత్ అందే దూరంలో ఉన్నవాడు హెడ్‌ఫోన్ మెమరీ చదవగలడు. అందులోని కీ తీసుకుని, మీ ఫోన్‌కి తానే మీ హెడ్‌ఫోన్‌నని నమ్మించగలడు. చిప్ తయారీదారు సరిచేసి ఇచ్చినా, ఆ అప్‌డేట్ మీ చేతికి రావాలంటే హెడ్‌ఫోన్ కంపెనీ పంపాలి, మీరు దాని యాప్ వేసుకుని ఉండాలి. పాటలు వినడానికి ఆ యాప్ అక్కర్లేదు కాబట్టి దాన్ని పెద్దగా ఎవరూ తెరవరు, కొందరు అసలు వేసుకోరు. ఇక మోడల్ పాతబడిందని అప్‌డేట్లు ఆపేసే కంపెనీల గురించి ఏం చెప్పాలి? హెడ్‌ఫోన్ అనేది పదిహేనేళ్ళు మన్నే వస్తువు. వైరుది ప్యాడ్లు మార్చుకుంటూ వాడుకోవచ్చు. దాన్ని మూడేళ్ళ సాఫ్ట్‌వేర్‌కి కట్టేసి అమ్ముతున్నారు.

ప్రశ్న: ఓపెన్-బ్యాక్ పెట్టుకుంటే సీలింగ్ ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. హెడ్‌ఫోన్ పాడైందా? (రాజమండ్రి నుంచి)

జవాబు: పాడవలేదు. వెనక జాలీ ఉన్నది గాలి, శబ్దం అటూఇటూ పోవడానికే. మే నెలలో ఫ్యాన్ అయిదు మీద పెట్టుకుని, ఆ చప్పుడుని మించేలా వాల్యూమ్ పెంచడం మాత్రం మానండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ఏసీ ఉన్న గదిలో, లేదా రాత్రి ఫ్యాన్ రెండు మీద పెట్టుకుని వినండి.

ప్రశ్న: ఆఫీసు కాల్స్‌కి ఓపెన్-బ్యాకే వాడొచ్చా? (హైదరాబాద్)

జవాబు: మీ పక్క సీటువాళ్ళకి అవతలివాళ్ళ మాట వినిపిస్తుంది. బ్యాంకు ప్రతినిధి మీ ఖాతా వివరాలు చదివి వినిపించినా వినిపిస్తుంది, డాక్టరు రిపోర్టు చెప్పినా వినిపిస్తుంది. కాల్స్‌కి మూడు వేల రూపాయల క్లోజ్డ్ హెడ్‌సెట్ తీసుకోండి. ఓపెన్-బ్యాక్‌ని ఇంట్లోనే ఉంచండి.