నీళ్లు, గాలి సంగతి కూడా ఆరోగ్యశాఖదేనా?

ప్రశ్న: పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేద్దామనుకుంటున్నాను. అందులో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ తీసుకుంటానంటే ఇంట్లో ‘అది కాలుష్యం గోల, ఆరోగ్యంతో పనేముంది, అంటువ్యాధుల వైపు వెళ్లు’ అంటున్నారు. నాకూ టెన్షన్‌గా ఉంది. ఇది నిజంగా ప్రజారోగ్యంలో భాగమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: భాగమేనమ్మా. ఇంకా చెప్పాలంటే ప్రజారోగ్యం నడక నేర్చుకుంది ఇక్కడే. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చి వందల మంది చనిపోతుంటే, జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లెక్కడున్నాయి, వాళ్లు ఏ నీళ్లు తాగారు అని ఆరా తీసుకుంటూ పోయి బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర తేలాడు, అధికారులకు చెప్పి దాని హ్యాండిల్ తీయించాడు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందన్నదీ నిజమే. కానీ కలరాకు కారణం ఫలానా క్రిమి అని రాబర్ట్ కోఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది, అంటే క్రిమి పేరు తెలియకముందే నీళ్ల దగ్గర ఆపాలని తెలిసిందన్నమాట. మీవాళ్లు చెప్పే అంటువ్యాధుల్లో సగం కథ నీళ్లు, మురుగు, దోమలదే.

నదికి ఏమైందని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అడుగుతుంది, ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏమైందని మీరు చదవబోయేది అడుగుతుంది. 2012లో లోకంలో జరిగిన మరణాల్లో దాదాపు పావు వంతు, అంటే 1 కోటి 26 లక్షలు, మనం మార్చగలిగిన పరిసరాల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంత పెద్దదాన్ని పక్కన పెట్టి ప్రజారోగ్యం అనడం నాకైతే మింగుడుపడదు.

కష్టం ఎక్కడంటే, జబ్బు లెక్క ఆరోగ్యశాఖ దగ్గర ఉంటుంది, తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంటుంది. పెట్రోల్లో కలిపిన సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, పోయిన ఆ తెలివిని ఏ డాక్టరూ తిరిగి తేలేడు, ఉన్న ఒకే దారి పెట్రోల్లోంచి దాన్ని తీసేయడం. 1920లలో మొదలైన ఆ పెట్రోలు బంకుల్లోంచి పూర్తిగా పోయింది 2021లో, చివరిగా అల్జీరియాలో. అన్నేళ్లు! రుజువులు చేతిలో ఉన్నా ఇంధన శాఖలను, కంపెనీలను ఒప్పించాలి కదా. ఆ ఓపిక మీకుంటే ధైర్యంగా తీసుకోండి.

ఒక్క మాట, ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో తేల్చే శాస్త్రం), స్టాటిస్టిక్స్ మాత్రం వదలకండి, అవి లేకపోతే మీ మాట ఎవరూ వినరు. చేరేముందు సిలబస్ తెప్పించుకుని, టాక్సికాలజీ, అంటే విషపదార్థాలు ఒంటిని ఎలా దెబ్బతీస్తాయో చెప్పే సబ్జెక్టు, ఉందా, జనం ఒంట్లోకి ఏది ఎంత వెళ్తోందో కొలవడం నేర్పుతారా అని చూసుకోండి. పర్యావరణ చట్టాల పాఠాలతో సరిపెడుతుంటే వేరే కాలేజీ వెతుక్కోండి.