చలికి గింజలు పెంచాలా? ముందు తొట్టి చూడండి

"చలి పెరిగింది, మా గుర్రానికి గింజల దాణా రెట్టింపు చేయనా?" అని అడిగారు. వద్దు. పెంచితే ఎండుగడ్డి పెంచండి. అంతకన్నా ముందు నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లండి.

నేనూ మీలాగే చేసినవాణ్ణే. చలి గట్టిగా పట్టిన వారం, మా ఆడగుర్రం వణుకుతుందేమోనని పూటకో డబ్బా గింజలు ఎక్కువ పోశాను. రెండు రోజులకే లద్దె తగ్గింది. ఉండలు చిన్నవై, రాళ్లలా గట్టిపడి, పైన జిగురు పొరతో ఉన్నాయి. చూశాను, ఊడ్చి పారేశాను. ఊడ్చినవాడికి ఆలోచన ఉండొద్దూ! మూడో రాత్రి పదకొండింటికి వెళ్తే గడ్డి ముట్టలేదు. ముందుకాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ మెడ తిప్పి డొక్క కేసి చూసుకుంటోంది. డొక్కకు చెవి ఆనించాను. ఎప్పుడూ గుడగుడలాడే కడుపులో చప్పుడే లేదు.

డాక్టరుగారు రాగానే "నీళ్లు ఎలా తాగుతోంది?" అన్నారు. "తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంచుతానండీ" అన్నాను, కాస్త గొప్పగానే. "నిండుగా ఉందంటే తాగట్లేదనే కదండీ" అన్నారాయన. టార్చి వేసి చూస్తే పైన అద్దంలా మంచు పొర. ముక్కులోంచి గొట్టం దింపి, లిక్విడ్ పారఫిన్ (గట్టిపడ్డ లద్దె జారడానికి వేసే నూనె) పోశారు. తెల్లవారి ఆరింటికి లద్దె వేసింది. దాన్ని చూసి నేను పొందినంత ఆనందం ఇంకెవరూ పొంది ఉండరు.

పచ్చిగడ్డిలో 80 శాతం దాకా నీళ్లే. ఎండుగడ్డిలో పదో పదిహేనో. అంటే చలికాలంలో తాగాల్సింది ఎక్కువ, కానీ నీళ్లు చల్లగా ఉంటే అది తాగేది తక్కువ. 500 కిలోల గుర్రానికి రోజుకు పాతిక లీటర్లైనా పడాలి. ఇప్పుడు నేను గోరువెచ్చని నీళ్లు బకెట్‌తో కొలిచి పెడతాను, దాణాలో 30 గ్రాముల ఉప్పు కలుపుతాను.

వెచ్చదనమంటారా, గడ్డి పెద్దపేగులో పులుస్తూ పుట్టించే వేడే దానికి కుంపటి. గింజలకు అంత వేడి రాదు. పైగా ఒక్కసారిగా ఎక్కువైతే కడుపునొప్పి, గిట్టల వాపు. అదే 500 కిలోల గుర్రానికి మామూలుగా 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి కావాలి, చలి ముదిరితే ఇంకాస్త. బూజు వాసన వస్తే మాత్రం పెట్టొద్దు.

వారానికోసారి వేడివేడి తవుడు జావ పోసి మురిసిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు పాత గొడవ. ఆరు రోజులు లేని మేత ఏడో రోజు హఠాత్తుగా దిగితే ఆ పేగులేం కావాలి? మేత మార్చాలంటే వారం పది రోజులు పట్టాలి. ఇంకో రకం వాళ్లు దుప్పటి కప్పేసి బొద్దుగా ఉందంటారు. చలికాలపు బొచ్చు కింద ఏముందో వేళ్లతో పక్కటెముకలు తడిమితే గానీ తెలియదు.

అన్నట్టు, మీ గుర్రం వయసు రాయలేదు. పళ్లరిగిన ముసలిదైతే ఎండుగడ్డి నమల్లేదు, నానబెట్టిన మేత పెట్టాలి, లెక్కంతా మారుతుంది. అదీ బరువూ రాయండి, చెప్తాను.