మీ పాత్రకి అప్పెంత ఉంది?

మీరు అడిగింది ఇదీ: కథలో శారద అనే అమ్మాయిని మంచిది, తెలివైనది, ధైర్యం గలది అని రాశారు. రూపం, చదువు, ఇష్టాయిష్టాలు అన్నీ ముందే ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అయినా చదివినవాళ్ళు "అట్టబొమ్మలా ఉంది" అన్నారు. పాత్ర నిజం మనిషిలా అనిపించాలంటే ఏం చెయ్యాలి?

ఈ బాధ నేనూ పడ్డాను. పన్నెండేళ్ళుగా కథలు రాస్తున్నాను. మొదటి మూడేళ్ళు రాసిన కథల్లో పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి, మనుషులు మాత్రం లేరు. నాకు దారి ఎక్కడ దొరికిందో అదే చెప్తాను.

మాది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర ఊరు. ఉద్యోగం కోసం నెల్లూరొచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఊళ్ళో మా వాళ్ళు వర్జీనియా పొగాకు వేసేవాళ్ళు. అందుకని నా మొదటి పెద్ద కథ పొగాకు రైతు మీదే రాశాను. కష్టజీవి, నిజాయితీపరుడు, అప్పుల్లో మునిగినవాడు, చివర్లో ఆకాశం వంక చూస్తూ నిలబడతాడు. రాస్తుంటే నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నకి చదివి వినిపించాను. బ్యారన్‌లో, అంటే పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో, మంట వేశాక ఆకు కాలే అయిదారు రోజులూ అక్కడే మంచం వేసుకుని, రాత్రిపూట లేచి లేచి వేడి చూసుకున్న మనిషాయన. చివరిదాకా విని, "బానే ఉందిరా. ఈయనకి అప్పెంత ఉంది?" అన్నాడు.

నాకు తెలీదు. ఆలోచించలేదు.

"ఎవురికి బాకీ? బ్యాంకుకా, బావమరిదికా? బావమరిదికైతే పెళ్ళాం ముందు ఆ మాటెత్తడు గదా. మరి కథంతా పెళ్ళాంతో అదే మాట్లాడతన్నాడేంది?"

నా దగ్గరా మీలాంటి నోట్‌బుక్కే ఉండేది. అందులో ఆ రైతు ఎత్తు, రంగు, వయసు, ఇష్టమైన కూర కూడా ఉన్నాయి. ఆ కూర వల్ల కథలో ఒక్క వాక్యం పుట్టలేదు. బాకీ బావమరిదికి అని తేల్చుకున్న పూట మాత్రం ఇల్లంతా కదిలింది. బావమరిది పండక్కొస్తే ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి తాను గడప మీద కూర్చుంటాడు. పెళ్ళాం మీద కోపమొచ్చినా గొంతు పెంచలేడు. ఆమెకి ఆ సంగతి తెలుసు, తెలిసినట్టు కనపడదు. ఇవేవీ నేను కష్టపడి కల్పించినవి కావు. అప్పు ఎవరికో తెలియగానే వాటంతటవే వచ్చాయి.

అప్పంటే డబ్బే కానక్కర్లేదు. ఫీజు కట్టి చదివించిన మేనమామకి ఉండే మొహమాటం కూడా అప్పే. ఒకరి ముందు మన మెడ ఎందుకు వంగుతుందో తెలిస్తే ఆ మనిషి సగం తెలిసినట్టే.

రెండో సంగతి వేలం కేంద్రంలో నేర్చుకున్నాను. ఆ ఎండాకాలం నాన్నతో కొండపి వేలానికి వెళ్ళాను. పొగాకు బేళ్ళు వరసగా పెట్టి ఉంటాయి, కంపెనీల తరఫున కొనేవాళ్ళు ఒక్కో బేలూ చూసుకుంటూ పోతారు. ఎవరూ పాడకపోతే దాన్ని 'నో బిడ్' అంటారు. మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళాల్సిందే. మా బేలొకటి నో బిడ్ అయింది. నా కథలో రైతు ఇక్కడ కుప్పకూలిపోయాడు. నాన్న ఏం చేశాడంటే, గొంతుక్కూర్చుని, ఆకు చూడ్డానికి వాళ్ళు వదులు చేసిన తాడుని మళ్ళీ బిగించాడు. పట్టకి ఒక మూల మడత పడితే అరచేత్తో సాపు చేశాడు. ఎవరూ కొనని బేలుకి అంత జాగ్రత్త ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత బయటికొచ్చి, ఆకు అమ్ముడుపోయిన పక్కూరాయనకి తనే టీ ఇప్పించాడు. ఇంటికెళ్ళి అమ్మతో "రేటు బానే ఉంది, ఇంకో వారం ఆగుదాం" అన్నాడు.

ఆ తాడు, ఆ టీ, ఆ అబద్ధం. కథ తిరగరాసినప్పుడు 'బాధ' అనే మాట ఎక్కడా వాడలేదు, ఈ మూడే పెట్టాను. అచ్చయ్యాక నాన్న చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఒకటే: "తాడు కట్టేటప్పుడు నువ్వు చూస్తా ఉన్నావా?"

బాధ వచ్చినప్పుడు మనుషులు చేతుల్తో ఏదో ఒక పని చేస్తారు. ఆ పనేంటో కనిపెట్టండి. మా నెల్లూరు వైపు వాళ్ళం తిక్కన పేరు చెప్పకుండా ఉండలేం. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర ఉండి, భారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేసినవాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయల్దేరబోతుంటే, ద్రౌపది తన జుట్టు చేత్తో పట్టుకుని ఆయనకి చూపిస్తుంది. పదమూడేళ్ళ అవమానం ఆ చేతిలోకి వచ్చేసింది. ఆ ఘట్టం ఒకసారి నెమ్మదిగా చదువుకోండి, తెలుగులో పాత్ర ఎలా నిలబడుతుందో తెలుస్తుంది.

ఇంకొకటి నేను ప్రతి కథకీ చేసే పని. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. కులం, మతం తేడా లేకుండా ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె, ఏ కోరికకి ఆ రొట్టె. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు అదే రొట్టె తెచ్చి, అడిగినవాళ్ళకిస్తారు. ఒక ఏడాది నా పక్కన ఒకావిడ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. "ఉద్యోగం రొట్టె ఎవురి దగ్గరుండాది?" అని గట్టిగా పిలిచి, కొడుకు కోసం తీసుకుని, కళ్ళకద్దుకుని ముక్క తినింది. భర్త ఒడ్డున సంచీ పట్టుకుని ఉన్నాడు. ఆయన ఎవరితోనో మాటల్లో పడగానే ఆవిడ నాలుగడుగులు జరిగి, చాలా చిన్న గొంతుతో ఆరోగ్య రొట్టె అడిగింది. తీసుకుని గబగబా తినేసి, పెదాలు కొంగుతో తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు ఒడ్డుకొచ్చింది.

ఆవిడ ఎవరో నాకు తెలీదు. ఆ జబ్బేమిటో, ఇంట్లో ఎందుకు చెప్పలేదో తెలీదు. కానీ ఆ రోజు నుంచి ప్రతి పాత్రనీ ఆ చెరువులోకి దింపి రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. నలుగురూ వినేట్టు ఏ రొట్టె అడుగుతుంది? ఎవరూ చూడనప్పుడు ఏ రొట్టె అడుగుతుంది? రెండూ ఒకటే అయితే నేనింకా ఆ మనిషిని కలవలేదన్నమాట.

చెడ్డ పాత్రలకి ఇది మరీ అవసరం. నా కథలో వడ్డీ వ్యాపారి మీసం మెలేసుకుంటూ తిరిగేవాడు. అతన్ని చెరువులోకి దింపితే, ముప్పై దాటిన కూతురి కోసం పెళ్ళి రొట్టె అడిగాడు. అతను కథలో మారిపోలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీలో పైసా తగ్గించలేదు. కాకపోతే బాకీ వసూలుకి వెళ్ళిన ఇంట్లో పెళ్ళి పందిరి కనపడితే మాట తడబడ్డాడు. నాకది చాలు.

మాటల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తెలుగులో మనకున్న గొప్ప సదుపాయం అదే. పిలుపులోనే మనిషి బయటపడతాడు. మా నాన్న బ్యాంకు మేనేజరుని 'సార్' అంటాడు, అటెండర్ని 'అన్నా' అంటాడు. సార్ ఎప్పుడు ఖాళీగా ఉంటాడో చెప్పేది అటెండరే కదా. అప్పిచ్చినాయన ఎదురుగా 'పెద్దాయన', వెనకాల 'వాడు'. అమ్మ ఇంట్లో "ఏమయ్యా" అంటుంది, తన తమ్ముడి ముందు మాత్రం "మీ బావ" అంటుంది. మీ శారద ఎవరిని ఎలా పిలుస్తుందో, ఎవరి దగ్గర ఆ పిలుపు మారుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇష్టమైన రంగు, ఇష్టమైన పువ్వు కంటే అది వంద రెట్లు పనికొస్తుంది. యాస మాత్రం ప్రతి మాటకీ పులమొద్దు, చదవడం కష్టమవుతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రాడు ఆఫీసు ఫోన్లో "ఉన్నాడు" అని, వెంటనే అమ్మతో "ఉండాడు" అంటే ఆ ఒక్క మాటే సరిపోతుంది.

ఒక జాగ్రత్త. తెలిసినవాళ్ళని ఉన్నదున్నట్టు కథలో దింపకండి. మా బంధువు ఒకామె తన నడక, తన ఊతపదం నా కథలో గుర్తుపట్టింది. రెండేళ్ళు మా గడప తొక్కలేదు. తప్పు నాదే, వెళ్ళి క్షమించమని అడిగాను. ఇప్పుడు నడక ఒకరిది, మాట ఇంకొకరిది, బాకీ వేరొకరిది తీసుకుంటాను. మూడూ కలిశాక నాలుగో మనిషి పుడతాడు.

ఇక మీ శారద. ఆమె ధైర్యవంతురాలని రాశారు. ఆమె ఎవరికి బాకీ ఉందో ముందు తేల్చండి. తర్వాత, ఆ బాకీ ఉన్న మనిషి బజార్లో ఎదురుపడ్డప్పుడు ఆమె కూరగాయల సంచీ ఏ చేతిలోంచి ఏ చేతిలోకి మార్చుకుంటుందో, నవ్వుతుందో, పక్క సందులోకి తిరుగుతుందో ఒక పేజీ రాయండి. ఆ పేజీలో 'ధైర్యం' అనే మాట ఉండకూడదు. రాశాక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.