బ్లడ్ గ్రూపులు వేరైనా బాబుకు ఈ లోపం ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. సొంత మేనమామనే చేసుకున్నాను. బాబుకు ఆరేళ్లు, ఎత్తు 98 సెంటీమీటర్లు, బరువు 14 కిలోలు. గ్రోత్ హార్మోన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ మూడూ తక్కువన్నారు. ఎమ్మారైలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ముందు భాగం చిన్నగా ఉందట, వెనక భాగం, కాడ బాగానే ఉన్నాయట. థైరాక్సిన్ మాత్ర వేస్తున్నాం. గ్రోత్ హార్మోన్ సూది మొదలుపెట్టాలన్నారు. పెళ్లికి ముందే బ్లడ్ గ్రూపులు చూపించుకున్నాం, వేర్వేరే. అయినా ఇలా ఎందుకైంది? రెండో బిడ్డను కనొచ్చా?

జవాబు: మన వైపు మేనరికం అనగానే గ్రూపులు చూసుకుని ధైర్యపడతారు. గ్రూపుకూ ఈ పిట్యూటరీ హార్మోన్ల లోపానికీ సంబంధమే లేదమ్మా. ఒక్కో జన్యువు మనలో రెండేసి ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. చాలా జన్యువుల్లో ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. అందుకే మీ ఇద్దరికీ ఏ లక్షణమూ ఉండదు. మీ అమ్మ, మీ ఆయన తోబుట్టువులు కదా, చెడిన ఆ జన్యువే ఒకే పెద్దల నుంచి మీ ఇద్దరికీ దిగి, బాబులో జంటగా కలిసి ఉండొచ్చు. తప్పు ఎవరి వైపుదని ఇంట్లో వాదులాడుకోవడం అనవసరం. బయటి సంబంధం చేసుకున్నవాళ్ల పిల్లలకూ ఇది వస్తుంది. జీఎల్ఐ2, ఎల్‌హెచ్‌ఎక్స్4 లాంటి జన్యువులైతే రెండింట్లో ఒక్కటి చెడినా చాలు.

మీరు రాసిన రిపోర్టును బట్టి ముందుగా అనుమానించాల్సినవి పీఓయూ1ఎఫ్1, ప్రాప్1 అనే జన్యువులు. మొదటిదైతే లోపం సాధారణంగా ఈ మూడు హార్మోన్లతో ఆగుతుంది. ప్రాప్1 అయితే యుక్తవయసు హార్మోన్లు కూడా రావు, కొందరిలో ఏళ్ల తర్వాత జ్వరం లాంటి ఒత్తిడిని తట్టుకోనిచ్చే కార్టిసాల్ హార్మోన్ కూడా పడిపోతుంది. జన్యు పరీక్ష చేయించమనేది పేరు తెలుసుకోవడానికి కాదు, తర్వాత ఏది తగ్గబోతుందో ముందే కనిపెట్టడానికి. బాబుకు ఎక్సోమ్ పరీక్ష (చాలా జన్యువులను ఒకేసారి చదివేది) చేయించండి, కొద్దిపాటి రక్తం చాలు. మెడ బిగుసుకున్నట్టు ఉండడం, వినికిడి తక్కువ కావడం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, అవి ఎల్‌హెచ్‌ఎక్స్3 అనే మరో జన్యువు లోపానికి గుర్తులు.

థైరాక్సిన్ మొదలుపెట్టే ముందు ఉదయం 8 గంటల కార్టిసాల్ చూశారా? చూడకపోతే ఈ వారమే చేయించండి. కార్టిసాల్ తక్కువున్న బిడ్డకు థైరాక్సిన్ ఇస్తే ఉన్న కాస్తా త్వరగా ఖర్చయిపోయి, ఒక్క జ్వరానికో వాంతులకో షుగర్, బీపీ పడిపోతాయి. తక్కువని తేలితే ముందు కార్టిసాల్ లోటు పూడ్చే హైడ్రోకార్టిసోన్ మందు, ఆ తర్వాతే థైరాక్సిన్. ఇప్పుడు బాగున్నా డాక్టరు చెప్పిన గడువులో మళ్లీ చూపించాలి. ఇంకొకటి, ఈ జబ్బులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) నార్మల్‌గానో తక్కువగానో కనిపించొచ్చు. అది చూసి మాత్ర తగ్గించకండి, రక్తంలోని థైరాయిడ్ హార్మోన్ను చూపే ఫ్రీ టీ4 పరీక్షను బట్టే మోతాదు మారుస్తారు.

గ్రోత్ హార్మోన్ రోజుకు కిలోకు 25 నుంచి 35 మైక్రోగ్రాములు, అంటే మీ బాబుకు 0.35 నుంచి 0.5 మిల్లీగ్రాముల లోపు. పడుకునే ముందు చర్మం కింద ఇవ్వాలి, తొడకు ఒకరోజు, పొట్టకు ఒకరోజు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పైన ఐసు గడ్డకట్టే అరలో పెడితే పాడైపోతుంది, మళ్లీ కరిగించినా పనికిరాదు. తిరుపతిలో కొని ఎండాకాలం బస్సులో తెచ్చుకుంటే ఐసు ప్యాక్ పెట్టిన డబ్బాలో తేవాలి, సీసా ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. సూదులు మొదలయ్యాక కుంటినా, తుంటి లేదా మోకాలు నొప్పన్నా ఆలస్యం చేయొద్దు.

రెండో బిడ్డ సంగతి. జన్యువులు రెండూ చెడితేనే వచ్చే రకమైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. గర్భం దాల్చకముందే బాబు పరీక్ష, తర్వాత మీ ఇద్దరిదీ పూర్తి కావాలి. లోపం ఫలానా అని తెలిస్తే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చు. మామూలు స్కానింగులో ఇది పట్టుబడదు. చాలామందిలో ఏ జన్యువో దొరకదు కూడా. అప్పుడు కాన్పు పిల్లల ఐసీయూ ఉన్నచోట పెట్టుకుని, పుట్టిన మొదటి గంటల నుంచే బిడ్డ షుగర్ చూడమనండి. కామెర్లు రెండు వారాలు దాటినా, మగబిడ్డ అంగం మరీ చిన్నగా ఉన్నా వెంటనే చూపించాలి. మడమ రక్తంతో చేసే టీఎస్‌హెచ్ పరీక్ష ఒక్కటే చాలదు, ఫ్రీ టీ4, కార్టిసాల్ కూడా అడిగి చేయించండి.

— పిల్లల హార్మోన్ వైద్య నిపుణులు, తిరుపతి