తాతగారి జీపు మిలిటరీదేనా?

ప్రశ్న: అన్నా, మా తాతగారి జీపు షెడ్డులో ఏళ్లుగా పడుంది, యుద్ధం నాటి విల్లీస్ అంటారు ఇంట్లో, ఆటోనగర్‌లో చూపిస్తే డీజిల్ ఇంజన్ వేసేయమంటున్నారు, వేయించనా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: డీజిల్ మాట అసలు ఎత్తొద్దు తమ్ముడూ! ముందు గ్రిల్, అంటే రేడియేటర్ ముందుండే జాలీ చూడు, నిలువు సందులు 9 ఉంటే మిలిటరీది, 7 ఉంటే తర్వాతొచ్చిన సివిల్ మోడల్ అయ్యుండొచ్చు. కానీ గ్రిల్ ఎవరైనా మార్చేసి ఉండొచ్చుగా, అందుకే రేడియేటర్ కింద ఛాసిస్ అడ్డకమ్మీ కూడా చూడు, గుండ్రటి పైపైతే విల్లీస్ ఎంబీ, తిరగేసిన యూ ఆకారమైతే ఫోర్డ్ జీపీడబ్ల్యూ, రెండూ మిలిటరీవే, 1941-45 మధ్య రెండు కంపెనీలూ ఒకే డిజైన్‌తో చేశాయి. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలలమీద కూడా ఎఫ్ అక్షరం కొట్టారు, చూస్తుంటే ఎంత ముచ్చటేస్తుందో! ఒరిజినల్ 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ పట్టేసి ఉంటే బలవంతంగా తిప్పకు, ప్లగ్గులు తీసి ఆయిల్ పోసి నాననివ్వు. వైరింగ్ 6 వోల్టులది, 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బులు మాడిపోతాయి.