గడులు నల్లగా ఉన్నా పిల్లలు అక్కడే ఉన్నారు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. 22 ఏళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఈ ఏడాది నుంచి వారానికి మూడు క్లాసులు ఆన్‌లైన్‌లో తీసుకోమన్నారు. నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. 'ఇక మీరు టీచర్ కాదు, ఫెసిలిటేటర్' అని పదే పదే చెప్పారు గానీ, క్లాసులోకి దిగాక ఆ మాటకు అర్థమేమిటో అంతుబట్టడం లేదు. పిల్లలు కెమెరాలు ఆపేస్తారు. తెర నిండా నల్లటి గడులు, వాటి మీద పేర్లు, అంతే. 'అర్థమైందా?' అంటే ఒక్క గొంతూ లేవదు. గోడతో మాట్లాడుతున్నట్టుంది. ముందు రోజు రాత్రి నుంచే టెన్షన్. ఈ వయసులో ఇది నాకు వస్తుందా?
- ఒక లెక్కల టీచర్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆన్‌లైన్‌లో చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నాకూ క్లాసు అయిపోగానే ఏడుపొచ్చేది. అందుకే ముందుగా ఒక మాట. వయసుకూ దీనికీ సంబంధం లేదు. బటన్లు ఎవరికైనా వారం పది రోజుల్లో అలవాటవుతాయి. అసలు కష్టం మరోచోట ఉంది. తరగతి గదిలో మనం పిల్లల మొహాలు చూస్తూ పాఠం నడుపుతాం. ఒకడి నుదురు ముడిపడితే ఉదాహరణ మారుస్తాం, చివరి బెంచీలో గుసగుస మొదలైతే కాసేపు ఆగుతాం. మీ 22 ఏళ్ల నేర్పంతా ఆ చూపులోనే ఉంది. ఇప్పుడు ఉన్నట్టుండి ఆ ఆధారం పోయింది. కంగారు పడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

'మీరు టీచర్ కాదు' అన్నారే, ఆ మాట నేను ఒప్పుకోను. ఆన్‌లైన్ చదువుల మీద 2000లో కెనడాకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక నమూనా ఇచ్చారు. ఇలాంటి క్లాసులో చదువు నిలబడాలంటే మూడు ఉండాలన్నారు: పిల్లలు ఒకరికొకరు మనుషుల్లా తెలియడం, విషయం మీద నిజంగా ఆలోచించడం, టీచర్ ఉన్నాడన్న భావన. మూడోది లేకుండా మొదటి రెండూ వాటంతటవే రావు. కాబట్టి మీరు తప్పుకోనక్కర్లేదు. ఫెసిలిటేటర్ అంటే పిల్లలే నేర్చుకునేలా దగ్గరుండి చేయించేవారు. మీరు చేసే పనిలో చెప్పడం కాస్త తగ్గి, చేయించడం పెరగాలి, అంతే.

ఇక మీ 'అర్థమైందా?' దగ్గరికి వద్దాం. మైకు ఆన్ చేసి, అందరూ వింటుండగా 'అర్థం కాలేదు' అనడానికి ఒక పిల్లకు ఎంత ధైర్యం కావాలి! మన ఎదురుగా కూర్చున్నప్పుడే అనరు. ఆ ప్రశ్న మానేయండి. అందరూ ఏదో ఒకటి చేసి చూపించాల్సిన ప్రశ్న అడగండి.

నేను భిన్నాలు చెప్పిన రోజు ఇలా చేశాను. 'మూడు బై ఎనిమిది, రెండు బై అయిదు. వీటిలో ఏది పెద్దది? జవాబు చాట్‌లో టైప్ చేసి పెట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ పంపొద్దు' అన్నాను. నిమిషం ఆగి 'ఇప్పుడు పంపండి' అనగానే జవాబులన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఒకరిది చూసి ఒకరు రాసే వీలు లేదు. సగానికి పైగా మూడు బై ఎనిమిదే పెద్దదన్నారు. రెండు కన్నా మూడు పెద్దది, అయిదు కన్నా ఎనిమిది పెద్దది కదా అని వాళ్ల లెక్క. తరగతి గదిలో చేతులెత్తిన నలుగురినే అడిగి ఉంటే ఈ పొరపాటు ఇంతమందిలో ఉందని నాకు తెలిసేదే కాదు. రెండు పట్టీలు గీసి, ఒకదాన్ని ఎనిమిది భాగాలు, ఇంకోదాన్ని అయిదు భాగాలు చేయమన్నాను. కాగితాలు కెమెరాకు చూపించారు. మొహాలు చూపించడానికి ఇష్టపడని పిల్లలు కూడా కాగితం చూపించారు.

అడిగాక ఆగడం నేర్చుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువ సాధన దీనికే కావాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే గమనించిన విషయం ఇది: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పెద్దవవుతాయి, ఇంకొందరు నోరు విప్పుతారు. అదీ ఎదురెదురుగా ఉన్నప్పుడు. ఇక్కడ మన మాట వాళ్లకు చేరాలి, వాళ్లు మైకు బటన్ వెతుక్కోవాలి. నేను మనసులో పది అంకెలు లెక్కపెడతాను. ఏడు దగ్గర నాలుక దురద పెడుతుంది. అయినా ఆగండి. తరచూ ఎనిమిది, తొమ్మిది దగ్గరే ఒక గొంతు లేస్తుంది.

కెమెరా గానీ మైకు గానీ ఆన్ చేయమని పట్టుబట్టకండి. నా క్లాసులో ఒక అమ్మాయి రెండు నెలలు మైకు ఆన్ చేయలేదు. శ్రద్ధ లేదనే అనుకున్నాను. ఒకరోజు నాకు విడిగా మెసేజ్ పెట్టింది: 'మేడమ్, పక్కనే తమ్ముడు పడుకున్నాడు, మాట్లాడితే లేస్తాడు. టైప్ చేయొచ్చా?' ఆ రోజు నుంచి టైప్ చేసిన జవాబును కూడా పేరు పెట్టి, పైకి చదివి వినిపిస్తున్నాను. తన పేరు, తన జవాబు టీచర్ నోట వినడం పిల్లలకు చిన్న విషయం కాదు.

ఈ క్లాసులతో వచ్చే అలసట గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో సమావేశాల అలసటకు నాలుగు కారణాలు చెప్పారు: మొహాలన్నీ మరీ దగ్గరగా కనిపించడం, గంటల తరబడి మన మొహం మనమే చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం, మామూలుగా సైగలతో అయిపోయేదానికి కూడా మెదడు శ్రమపడటం. రెండోదానికి మందు తేలిక. జూమ్‌లో మీ వీడియో మీకు కనపడకుండా దాచే ఆప్షన్ ఉంది, అది నొక్కేయండి. వీలైతే నిలబడి చెప్పండి. క్లాసుకు ముందు ఫోన్లోంచి స్టూడెంట్‌లా మీ క్లాసులోకి మీరే చేరి చూడండి. మీ అక్షరాలు వాళ్లకు ఎంత చిన్నగా కనపడతాయో అప్పుడే తెలుస్తుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. వచ్చే వారం మూడు క్లాసుల్లోనూ ఆ చాట్ ప్రశ్న ఒక్కటే చేయండి. ఏమైందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: ఆన్‌లైన్ క్లాసులో పిల్లల్ని బ్రేకౌట్ రూముల్లోకి, అంటే చిన్న చిన్న గుంపులుగా విడిగా మాట్లాడుకునే గదుల్లోకి, పంపితే తిరిగొచ్చేదాకా మౌనంగా కూర్చుంటున్నారు. ఏం చేయాలి?
- సైన్స్ టీచర్

జవాబు: 'చర్చించుకోండి' అని పంపారా? అలాగైతే పెద్దవాళ్లం మనం కూడా మాట్లాడుకోం. ముగ్గురు నలుగురికి మించకుండా పంపండి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒకటి ఉండాలి: మూడు వాక్యాలో, ఒక బొమ్మో. రాసేదెవరో మీరే పేరు చెప్పి పంపండి. మీరు తెర మీద పెట్టిన స్లైడు మామూలుగా వాళ్ల వెంట రూములోకి రాదు, అందుకే ప్రశ్నను ముందే నోట్సులో రాయించండి. అయిదారు నిమిషాలు చాలు. మొదటి నిమిషంలోనే మీరు లోపలికి వెళ్లకండి. మీరు కనపడగానే వాళ్ల మాటలు ఆగిపోతాయి.